వక్తృత్వశాస్త్రము - నేటి సాధనములు

నేను ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున నున్నవాడను. వక్తృత్వశాస్త్రమును నేర్చు విధము డిజిటల్ సాధనములవలన ఎట్లు మారుచున్నదో చెప్పుమని నన్ను కోరినారు. విషయము పేరు విని బెదరవలదు. ఒకని మాట మరియొకని మనస్సును ఎట్లు త్రిప్పును, ఏల త్రిప్పును, అట్లు త్రిప్పుట మేలునకా కీడునకా అని విచారించునదే వక్తృత్వశాస్త్రము. మీ జేబులోని సెల్‌ఫోనే డిజిటల్ సాధనము. ఈ రెండును కలిసిన చోట ఏమి జరుగుచున్నదో చెప్పుట నా పని. ఈ కథలో నా తప్పు కూడ ఒకటి కలదు. దానిని దాచక తగుచోట మీ ముందుంచెదను.

ముందుగా డిజిటల్ అను మాటను విప్పి చూతము. దీనికి మూలము లాటిన్ భాషలో వ్రేలు అను అర్థముగల శబ్దము. వ్రేళ్లమీద లెక్కించుట మానవులకు అలవాటు గనుక అది క్రమముగా అంకెకు పేరైనది. యంత్రమునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. కావున లోకమందలి లిపులలోని ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను నిర్ణయించి పట్టిక వేసిరి. యూనికోడ్ అను ఆ పట్టిక 1991లో తొలిసారి వెలువడినప్పుడే మన తెలుగు లిపికి అందు చోటు దొరకినది. దాని ప్రకారము మన అకారము సంఖ్య 3077, కకారము సంఖ్య 3093. అక్షరమే కాదు; కంఠధ్వనియు, పటమును, చలనచిత్రమును అన్నియు యంత్రములో అంకెల వరుసలే. అంకెలుగా మారిన దానికి మూడు గుణములు కలుగును. దానికి నకలు తీయుటకు ఖర్చు లేదు. దానిలో వెదకుటకు శ్రమ లేదు. దానిని కత్తిరించి అతుకుటకు కష్టము లేదు. నకలు, వెదకుట, అతుకు - ఈ మూటిని జ్ఞాపకముంచుకొనుడు. నేను చెప్పబోవు మేలును కీడును ఈ మూటినుండియే పుట్టినవి.

ఇక శాస్త్రము మాట. గ్రీకుల దేశచరిత్రలో దీని పుట్టుకను గూర్చి ఒక ఐతిహ్యము కలదు. సిసిలీ ద్వీపమందలి సిరాక్యూస్ పట్టణమున క్రీ.పూ. 5వ శతాబ్దమున నిరంకుశుల పాలన కూలిపోగా, పోయిన తమ భూములకై జనులు న్యాయసభల కెక్కిరట. అప్పుడు సభలో వాదించు పద్ధతిని నేర్పుటకై కొరాక్స్, టిసియాస్ అను ఇరువురు ఈ విద్యను ఏర్పరచిరని వారు చెప్పుకొందురు. భూమి తగవులో పుట్టిన విద్య యన్నచో దాని అక్కర యెట్టిదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

క్రీ.పూ. 4వ శతాబ్దమున అరిస్టాటిల్ ఈ విద్యకు శాస్త్రరూపమిచ్చెను. మాట మనలను ఒప్పించుటకు మూడు హేతువులున్నవని ఆయన విభాగము: చెప్పువాని శీలముపై మనకు గల నమ్మకము, వినువాని హృదయమున రేగిన ఉద్రేకము, చెప్పిన దానిలోని యుక్తి. తరువాత రోమనులు, ముఖ్యముగా సిసిరో, క్వింటిలియన్ అనువారు, వక్తకు కావలసిన అంగములు అయిదని చెప్పిరి. చెప్పదగిన విషయమును వెదకుకొనుట మొదటిది. దానిని వరుసలో పెట్టుట రెండవది. తగిన మాటలతో చెప్పుట మూడవది. జ్ఞాపకముంచుకొనుట నాలుగవది. కంఠముచేతను, చేతులచేతను, ముఖముచేతను దానిని సభ యెదుట ప్రకటించుట అయిదవది.

మన దేశమున ఈ విద్య ఒకే గొడుగు క్రింద పెరుగలేదు. మాటకును అభినయమునకును గల సంబంధమును భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను. మాట యందమును, అందులో దాగిన ధ్వనిని భామహుడు, దండి, ఆనందవర్ధనుడు మొదలగు ఆలంకారికులు విచారించిరి. మన యోరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని పేర విద్యానాథుడు రచించిన అలంకారగ్రంథము దక్షిణదేశమంతటను పాఠ్యమైనది. ఇక వాదమున ఏది సరియైన హేతువు, ఏది హేతువువలె కనబడు మోసము అను విచారణ న్యాయశాస్త్రమున కలదు. వాక్యార్థనిర్ణయము మీమాంసకుల పని. నేను చదివినది కావ్యాలంకారములు. న్యాయమును పైపైన చూచి విడిచితిని. అలంకారము తెలిసినవానికి మాట యొక్క మర్మమంతయు తెలియునని చిరకాలము నమ్మితిని. ఆ నమ్మకమే నన్ను తరువాత దెబ్బతీసినది.

సాధనము మారినప్పుడెల్ల ఈ శాస్త్రము మారుచునే వచ్చినది. వ్రాత వచ్చిన క్రొత్తలో, అది మనుష్యుల ధారణను చెరచునని, గ్రంథము ప్రశ్నకు బదులు చెప్పలేదని ప్లేటో తన ఫీడ్రస్ అను సంవాదమున ఒక ఈజిప్టు రాజు కథ నెపమున చూపెను. ఆయన ఆ మాటను వ్రాసియే చెప్పుట విశేషము. అచ్చుయంత్రము వచ్చిన పిదప, 16వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పండితుడు రామస్, విషయాన్వేషణమును, వరుసను తర్కశాస్త్రమునకు అప్పగించి, వక్తృత్వమునకు శైలిని, ప్రకటనమును మాత్రము మిగిల్చెను. పుస్తకము చదువువానికి కంఠముతోను హస్తముతోను పనిలేదు గనుక ప్రకటనము కూడ క్రమముగా మూలబడినది. మనకును ఇంచుమించు ఇదే గతి పట్టినది. నేను అక్షరములు దిద్దకముందే అమరకోశము వల్లించితిని. నేను ఉద్యోగమున చేరునాటికి అలంకారము, లక్షణము వ్రాసి ఉదాహరణమిమ్మను చిన్న ప్రశ్నగా మిగిలియుండెను. పిల్లలు లక్షణము వ్రాసిరి, మార్కులు తెచ్చుకొనిరి. బజారులో విన్న మాటయందు అలంకారమున్నదని వారికి తోచలేదు. తోచునట్లు నేనును చెప్పలేదు.

పిమ్మట రేడియో వచ్చినది. మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమైనవి. కంఠమునకు మరల గౌరవము కలిగినది. వాల్టర్ ఆంగ్ అను అమెరికా పండితుడు 1982లో ప్రకటించిన గ్రంథమున, రేడియో, టెలివిజనులవలన వచ్చిన ఈ స్థితిని రెండవ మౌఖికయుగముగా చెప్పెను. మొదటి యుగమున జనులకు వ్రాత తెలియదు. ఈ రెండవ యుగమున వ్రాతను ఆధారము చేసికొని మాట్లాడుచున్నారు. నేనిప్పుడు చేయుచున్నదియు అదియే. నా యెదుట కాగితమున్నది. మీకు వినబడునది కంఠము.

ఇప్పుడు డిజిటల్ సాధనము శాస్త్రాధ్యయనమునకు చేసిన మేలును చెప్పెదను. అది వెదకుట. గ్రీకు వాఙ్మయమునంతటిని యంత్రమున కెక్కించు పని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారి అర్వైన్ శాఖలో 1972లోనే మొదలైనది. సంస్కృతగ్రంథముల విద్యుత్ప్రతులను జర్మనీలోని గోట్టింగెన్ నగరమువారు ఒక పట్టికగా చేర్చిరి. మన తెలుగు కావ్యములును నిఘంటువులును కూడ నేడు చాలవరకు తెరమీద దొరకుచున్నవి. నేను చదువుకొను దినములలో అర్థాంతరన్యాసమునకు ఇరువది ఉదాహరణములు కూర్చుటకు ఒక వేసవి పట్టినది. నేడు ఒక పదము ఏయే కావ్యములలో ఏయే తావులందు వాడబడినదో క్షణములో తెలియుచున్నది. పద్యము నిచ్చినచో గణవిభజన చేసి, యతిప్రాసలు సరిచూచి చెప్పు యంత్రోపకరణములు కూడ వచ్చినవి.

దీని విలువ నాకు తెలిసిన విధము వినుడు. మా పాఠశాలలో చదివి ఇప్పుడు పరిశోధన చేయుచున్న శిష్యురాలొకతె కలదు. ఒక సభలో నేను వేమన్న పద్యమని ఒక ఆటవెలదిని చదివి, దానిమీద అరగంట మాట్లాడితిని. ఆ పద్యము నాకు సెల్‌ఫోనులో వచ్చినది. సభ ముగిసిన తరువాత ఆమె మెల్లగా నా యొద్దకు వచ్చి, "మాస్టారూ, ఈ పద్యం పాత ప్రతులు వేటిలోనూ దొరకలేదండి. మూడో పాదంలో గణం కూడా తప్పింది" అని చెప్పెను. బ్రౌను దొర 1829లో అచ్చువేయించిన సంపుటము మొదలు ఆమెకు దొరకిన ప్రతులన్నిటిని వెదకి చూచినదట. నేను వ్రేళ్లమీద గణములు లెక్కించుకొంటిని. ఇంద్రగణముండవలసిన చోట సూర్యగణమున్నది. ముప్పదినాలుగేండ్లు ఛందస్సు చెప్పినవాడను, వేమన్న పేరు చూడగానే లెక్కించుట మరచితిని. నమ్మకమున్న పేరు కనబడినచో పరీక్ష మానుట మనుష్యస్వభావము. అరిస్టాటిల్ చెప్పిన మొదటి హేతువు ఇదియే.

అయినను వెదకుటకొక హద్దు కలదు. ఉపమాలంకారమును యంత్రము తేలికగా పట్టుకొనును. ఎందుకనగా వలె, పోలె, భంగి అను వాచకములు అందు గురుతులుగా నుండును. రూపకమున ఆ గురుతు లేదు గనుక కొంత తడబడును. వ్యాజస్తుతి మరింత కష్టము. ఒక యూరిలో ఒకడు ఇట్లనెననుకొనుడు: "మన నాయకుడు మాట తప్పువాడు కాడు; కాలువ త్రవ్వించెదనని మూడు ఎన్నికలలో చెప్పెను, నాలుగవ ఎన్నికలోను అదే మాట చెప్పుచున్నాడు." పదములను మాత్రము చూచినచో ఇది పొగడ్త. ఊరివారికి ఎండిన కాలువ తెలియును గనుక వారికిది తెగడ్త. అర్థము పదములలో లేదు, కాలువలో నున్నది. ఆనందవర్ధనుడు ధ్వని యని చెప్పినది ఇట్టి స్థలముననే పనిచేయును. 2022 నవంబరులో చాట్‌జీపీటీ అను యంత్రము వెలువడిన పిదప, అడిగినచో ఇట్టి వాక్యములను కూడ విడదీసి చెప్పు యంత్రములు వచ్చినవి. చాలమారులు సరిగానే చెప్పును. కాని కాలువను పోయి చూచి వచ్చుట వాని పని కాదు. అది మన పని.

ఇది అధ్యయనసాధనము మాట. అధ్యయనము చేయవలసిన వస్తువు కూడ మారినది. ఆ అయిదు అంగములను మరల చూడుడు. విషయాన్వేషణమున వక్త తన బుద్ధిలో వెదకుకొనుటకు మారు యంత్రమున వెదకుచున్నాడు. ధారణను యంత్రమునకు అప్పగించినాడు. అచ్చుయుగమున మూలబడిన ప్రకటనము మరల సింహాసనమెక్కినది. ముఖము, కంఠము, వెనుక వినబడు సంగీతము, బొమ్మ, నవ్వుచున్న చిన్న ముఖచిహ్నము అన్నియు వాక్యముతో కలిసి పనిచేయుచున్నవి. అందుచేత పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో డిజిటల్ వక్తృత్వమను శాఖయే ఏర్పడినది. రిచర్డ్ లాన్‌హమ్ 1993లోను, డగ్లస్ ఐమన్ 2015లోను దీనిపై గ్రంథములు ప్రకటించిరి. ఆటల నియమములు కూడ మాటలవలెనే మనుష్యుని ఒప్పించునని ఇయాన్ బోగోస్ట్ 2007లో వాదించెను.

రెండవ అంగమగు వరుసను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. పూర్వము ఏది ముందు చెప్పవలెనో, ఏది వెనుక చెప్పవలెనో వక్త నిర్ణయించెడివాడు. నేడు మీ ఫోనులో ఏ చిత్రము తరువాత ఏ చిత్రము రావలెనో నిర్ణయించునది కంపెనీవారు యంత్రమున కిచ్చిన లెక్క. మీరు దేనియందు ఎక్కువసేపు నిలిచితిరో అది చూచి, అట్టిదే మరియొకటి తెచ్చి పెట్టును. కోపము కలిగించునది నిలిపియుంచిన యెడల కోపము కలిగించునదే వచ్చును. అనగా వరుస పెట్టువాడు సభలో కనబడడు. కనబడని వక్తను గూర్చి విచారించుట పూర్వశాస్త్రమునకు లేని పని. నేటి శాస్త్రమునకు వచ్చిన క్రొత్త పని.

ఇంతకంటె లోతైన మార్పు ప్రకరణమునకు సంబంధించినది. సైంధవ శబ్దమును మన శాస్త్రకారులు తరుచు ఉదాహరింతురు. ఆ మాటకు ఉప్పనియు, గుఱ్ఱమనియు రెండర్థములు. భోజనము చేయుచున్నవాడు సైంధవము తెమ్మన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు లేచినవాడు తెమ్మన్నచో గుఱ్ఱము తేవలెను. మాట ఒకటే, సందర్భము అర్థమును నిర్ణయించును. భర్తృహరి వాక్యపదీయమున ఇట్టి నిర్ణాయకములను లెక్కించి, ప్రకరణము, దేశము, కాలము అందు చేర్చెను. 11వ శతాబ్దమున కాశ్మీరమందలి క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని గ్రంథము వ్రాసెను. ఇప్పుడు డిజిటల్ సాధనము మాటను దాని ప్రకరణమునుండి కత్తిరించి, నకలు తీసి, వేరొక ప్రకరణమున అతికించుచున్నది. భోజనవేళ పలికిన సైంధవశబ్దము ప్రయాణవేళ వినబడుచున్నది. గుఱ్ఱము వచ్చి విస్తరి త్రొక్కుచున్నది.

ఇక నా తప్పు చెప్పెదను. నేను ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన మరుసటి యేడు, 2018 మే నెలలో, తెలుగు జిల్లాలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠా తిరుగుచున్నదను వదంతి పుట్టినది. నాకు ఒక కంఠసందేశమును, ఒక చిన్న చలనచిత్రమును వచ్చినవి. చలనచిత్రమున ఇరువురు మోటారు సైకిలుపై వచ్చి వీథిలో ఆడుకొనుచున్న పిల్లవానిని ఎత్తుకొని పోవుదురు. పంపినవాడు నా పాత సహోద్యోగి, నిజాయితీపరుడు. అందు మాటాడిన కంఠము వణకుచుండెను. పసిపిల్లలమాట గనుక నాకును గుండె దడదడలాడినది. "జాగ్రత్త వహింపుడు" అని రెండు ముక్కలు చేర్చి మా యూరివారి వాట్సాప్ గుంపునకు పంపితిని. ఇందు మూడు హేతువులలో రెండు పనిచేసినవి: నమ్మకమును, ఉద్రేకమును. మూడవదగు యుక్తిని నేను పిలువనేలేదు.

రెండు దినములకు మా యూరికి ఒక బుడబుక్కలవాడు వచ్చెను. బడియొద్ద ఆగి పిల్లలను పలుకరించెనట. కుఱ్ఱవాండ్రు పట్టుకొని రామాలయపు స్తంభమునకు కట్టి కొట్టిరి. నేను పోవునప్పటికి వాని చేయి విరిగి వ్రేలాడుచుండెను. మాలో ఒక ముసలమ్మ ముందునకు వచ్చి, "ఒరే, వీడు ఏటేటా మన వీథికి వచ్చేవాడేరా! వీడి తండ్రిని కూడా నేనెరుగుదును" అని అడ్డుపడినది. పోలీసులు వచ్చిరి. వాని ప్రాణము దక్కినది. నేను కుఱ్ఱవాండ్రను మందలింపబోగా వారిలో ఒకడు తల వంచుకొని, "మాస్టారూ, మీరే కదండీ పంపింది?" అనెను. నాకు బదులు లేకపోయెను. ఇన్నేండ్ల నా పాఠములలో ఏ మాటయు వానికంత నమ్మకముగా పట్టలేదు.

ఆ చలనచిత్రము సంగతి తరువాత పత్రికలవలన తెలిసినది. అది కరాచీ నగరమున పిల్లల భద్రతను గూర్చి జనులను మేల్కొల్పుటకై తీసిన ప్రచారచిత్రము. దాని తుదను ఆ మోటారు సైకిలువారు పిల్లవానిని తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్త చెప్పు ఒక ఫలకమును చూపుదురు. ఎవ్వడో ఆ తుదిభాగమును కత్తిరించి ప్రపంచమున వదలెను. జాగ్రత్త చెప్పుటకు తీసినది హత్యలకు కారణమైనది. సైంధవశబ్దమునకు ఇంతకంటె ఘోరమైన ఉదాహరణము నేనెరుగను. ఆ యేడు జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, భిక్షాటనముచే బ్రతుకు సంచారజాతివారు అయిదుగురిని ఇట్టి అనుమానముతోనే గుంపు కొట్టి చంపినది. ఆ జూలైలో వాట్సాప్ కంపెనీవారు మన దేశమున ఒక సందేశమును ఒకేమారు అయిదు చోట్లకు మించి పంపరాదని కట్టడి ప్రకటించిరి. 2020 ఏప్రిలులో, అనేకపర్యాయములు చేతులు మారిన సందేశమును ఒకేమారు ఒక్క చోటికే పంపవలెనని నియమించిరి. అట్టి సందేశముపై రెండు బాణపు గురుతులు కనబడును. మీరు గమనించియుందురు.

ఈ సంఘటన తరువాత నేను నా శాస్త్రమును మరల మొదటినుండి చదివితిని. మమ్మటుడు కావ్యప్రకాశమున ఉపదేశమును మూడు విధములుగా చెప్పెను. వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును. పురాణేతిహాసములు మిత్రునివలె బోధించును. కావ్యము ప్రియురాలివలె మనసు కరగించి చెప్పును. మన చేతికి వచ్చు ఫోను సందేశము ఏ తెగకు చెందును? చూపునకు అది మిత్రునిది. తమ్ముడో, వియ్యంకుడో పంపినాడు. కాని మాట అతనిది కాదు. ఎవ్వడో ఎరుగనివాని మాట మిత్రుని ముసుగు వేసికొని వచ్చినది. న్యాయశాస్త్రమున గౌతముడు ఆప్తుని మాటను ప్రమాణముగా అంగీకరించెను. ఆప్తుడనగా విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పువాడు. నా సహోద్యోగి నిజాయితీపరుడే. కాని విషయమును ఎరిగినవాడు కాడు. మంచివాడగుట వేరు, ఆ విషయమున ఆప్తుడగుట వేరు. ఈ భేదము న్యాయశాస్త్రమున మొదటి పాఠము. దానిని నేను ఒక పేదవాని విరిగిన చేతివలన నేర్చుకొంటిని.

ఇప్పుడు మా వీథి అరుగుమీద వారమునకొకనాడు పదిమంది పిల్లలను కూర్చుండబెట్టుకొనుచున్నాను. పుస్తకములోని ఉదాహరణములకు మారు వారి ఫోనులకు వచ్చిన సందేశమునొకదానిని తీసికొని అయిదు ప్రశ్నలు వేయించుచున్నాను. ఈ మాటను మొదట పలికినవాడెవ్వడు? ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో పలికెను? దీనికి ముందు వెనుకల నేమున్నది? ఇది నాలో కోపమునో భయమునో రేపుచున్నదా, రేపిన యెడల ఎవరికి లాభము? చెప్పిన దానికి హేతువేది, ఆ హేతువు నిజముగా దానిని నిలుపుచున్నదా? ఈ అయిదింటికి బదులు దొరకువరకు పంపరాదని నియమము. కేరళములోని కణ్ణూరు జిల్లాలో 2018లో ప్రభుత్వపాఠశాలలందు ఇట్టి పరీక్షను పాఠముగా చెప్పుట మొదలుపెట్టిరి. ఫిన్లాండు దేశమున ఇది పాఠ్యప్రణాళికలోనే చేరియున్నది. పిల్లలు ఈ పని యెంత ఉత్సాహముగా చేయుదురో చూచినచో, అలంకారశాస్త్రము ఎండినదని నేననుకొన్నది ఎంత పొరపాటో నాకు తెలిసినది. లక్షణము వల్లించుటకు నిద్రపోయిన పిల్లలు, ఒక నాయకుని ప్రసంగపు తునకలో అతిశయోక్తి యెక్కడ ముగిసి అబద్ధమెక్కడ మొదలైనదో తగవులాడుచున్నారు.

ఒక క్రొత్త కష్టము కూడ చెప్పి ముగించెదను. ఇంతకాలము కంఠమును విని మనిషిని గుర్తించెడివారము. ఇప్పుడు ఒకని కంఠమును కొద్దిసేపు వినిపించినచో, ఆ కంఠముతోనే అతడు పలుకని మాటలను పలికించు యంత్రములు వచ్చినవి. కొడుకు గొంతుతో డబ్బు అడిగి మోసగించుటకు కూడ వీనిని వాడుచున్నారు. కనుక కంఠము వినినంతమాత్రమున నమ్మవలదు. మీకు ముందే తెలిసిన నంబరునకు మీరే తిరిగి ఫోను చేసి అడుగుడు.

పెద్దలారా, పిల్లలకు యంత్రము బాగుగా తెలియును. మనకు తెలియదని మనము సంకోచపడుచుందుము. కాని యంత్రమునకును పిల్లలకును తెలియనిది మన యొద్ద ఒకటి కలదు. అది ప్రకరణము. ఏ యింటికి ఏ యింటికి ఏ తగవున్నదో, ఏటేటా వచ్చు బుడబుక్కలవాడెవ్వడో, ఎవ్వని మాట ఏ విషయమున చెల్లునో, ఏ విషయమున చెల్లదో మనమెరుగుదుము. ఆనాడు ఆ పేదవాని ప్రాణము నిలిపినది నా పాండిత్యము కాదు. చదువురాని ఆ ముసలమ్మ జ్ఞాపకము. మాట మన చేతికి వచ్చినప్పుడు దానిని ఒక్క గడియ ఆపి అడుగవలసినది అడుగుట మన వయసునకు తగిన పని. మనము పంపిన మాటకు మన పేరు తోడగును. ఊరు దానిని మన మాటగానే తీసికొనును.

సెలవు.